లెట్రోజోల్ క్యాన్సర్ మందట కదా, పీసీఓఎస్ (అండం సరిగ్గా విడుదల కాని హార్మోన్ల సమస్య) ఉన్న నాకు పిల్లల కోసం ఎందుకు రాశారు?

సరిగ్గా ఇదే టెన్షన్‌తో నేను మొదటి రోజు మాత్ర వేసుకోకుండా పక్కన పెట్టేశాను. ఫోన్‌లో పేరు కొట్టగానే రొమ్ము క్యాన్సర్ అని వస్తే ఎవరికైనా గుండె జారుతుంది.

మర్నాడు మా డాక్టరమ్మ చెప్పింది ఇదీ. ఈ మందు పని ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తయారీని తగ్గించడం. క్యాన్సర్ వాళ్లకు రోజూ, ఏళ్ల తరబడి ఇస్తారు. మనకు నెలకు ఐదు రోజులే. ఈస్ట్రోజెన్ తగ్గిందని తెలియగానే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, అండాన్ని పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ ఎక్కువ వదులుతుంది, దాంతో ఆగిపోయిన అండం మళ్లీ పెరగడం మొదలవుతుంది. మన దేశంలో 2011లో సంతానలేమికి దీన్ని వాడొద్దని నిషేధించారు కూడా, 2017లో ఎత్తేశారు. పాత భయాలు ఇంకా తిరుగుతున్నాయంటే అందుకే. 2014లో అమెరికాలో 750 మంది పీసీఓఎస్ ఆడవాళ్ల మీద చేసిన పరిశోధనలో, అండం విడుదలకు ఇచ్చే పాత మందు క్లోమిఫెన్ వాడిన వాళ్లలో నూటికి 19 మందికి బిడ్డ పుడితే, లెట్రోజోల్‌తో 27 మందికి పైగా పుట్టారు. ఇప్పుడు ముందుగా రాసేది ఇదే.

నేను నష్టపోయింది వేరే చోట. అంతకుముందు ఒక ఆస్పత్రిలో నాలుగు నెలలు క్లోమిఫెన్ ఇచ్చారు, ఒక్క స్కాన్ తీయలేదు. అండం విడుదలైందో లేదో ఎవరికీ తెలియదు! మా ఆయనకు టెస్టు కూడా రాయలేదు. అత్తయ్యగారు మాత్రం నాకు మొక్కులు రాస్తూనే ఉన్నారు. కొత్త డాక్టరమ్మ ముందు ఆయన వీర్య పరీక్ష, నా థైరాయిడ్, షుగర్ చూశాకే మందు మొదలుపెట్టింది.

2.5 ఎంజీతో మొదటి నెల ఫాలికల్ (అండం పెరిగే చిన్న సంచి) పెరగలేదు. రెండో నెల 5 ఎంజీ చేస్తే పన్నెండో రోజు స్కాన్‌లో 19 మిల్లీమీటర్లు కనిపించింది, అండం విడుదలకు ఇంజెక్షన్ ఇచ్చారు. అయినా ఆ నెలా గర్భం రాలేదు, మూడో నెలా రాలేదు. పక్కనే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు కూడా ఉండేది, పరగడుపున వేసుకుని వాంతులతో అల్లాడాను. అన్నం తిన్నాక వేసుకుంటే సర్దుకుంది. బరువు 74 కిలోల నుంచి 69కి దిగాక పీరియడ్స్ కాస్త దారిలో పడ్డాయి, ఎంత మందు పని, ఎంత నడక పని అని నేను చెప్పలేను.

మీకు ఒక్కటి గట్టిగా చెప్తాను. నాలుగో నెల కొంచెం మరక కనిపిస్తే పీరియడ్ వచ్చేసిందనుకుని ఐదో నెల స్ట్రిప్ విప్పబోయాను. ఎందుకో అనుమానమొచ్చి ఫోన్ చేస్తే, "మాత్ర ముట్టుకోవద్దు, ముందు యూరిన్ టెస్ట్ చేసుకో" అంది డాక్టరమ్మ. కడుపుతో ఉన్నప్పుడు ఈ మందు వేసుకోకూడదు. చేసుకుంటే రెండు గీతలు వచ్చాయి.