పట్టుదల లేదని తేల్చేముందు, రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడో అడగండి

కావలి నుంచి ఒక తల్లి రాశారు. కొడుకు బైపీసీ అయ్యాక నెల్లూరు హాస్టల్లో ఉండి నీట్ లాంగ్‌టర్మ్ చదువుతున్నాడు, ఇది రెండో ఏడు. ఏదో వీడియో చూసి గోడ మీద 'నేను డాక్టర్‌ని' అని రాసుకుని, 21 రోజుల పాటు తెల్లవారుజామున 4 గంటలకే లేస్తానని మొదలుపెట్టి, తొమ్మిదో రోజుకి ఆపేశాడట. ఇప్పుడు ఫోన్ చేస్తే "నాకు విల్ పవర్ లేదమ్మా, నేనింతే" అంటున్నాడు. "వాడికి పట్టుదల ఎట్టా తెప్పించేది సార్?" అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, ముందు ఆ 21 రోజుల సంగతి. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయ్యాక మనిషి తన కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని 1960లో రాశాడు. దాన్ని పట్టుకుని ఏ అలవాటైనా మూడు వారాల్లో వచ్చేస్తుందని ఊదరగొట్టేశారు! తర్వాత లండన్‌లో 96 మందితో అధ్యయనం చేస్తే సగటున 66 రోజులని తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా అందులోనే ఉంది, అది మాత్రం ఏ వీడియోలోనూ చెప్పరు.

విల్ పవర్ కథా అంతే. వాడేకొద్దీ అది తరిగిపోతుందని అమెరికా సైకాలజిస్టు రాయ్ బౌమైస్టర్ బృందం 1998లో చెబితే, 2016లో 20కి పైగా ల్యాబులు కలిసి పరీక్షించినప్పుడు ఆ ప్రభావం దాదాపు కనిపించలేదు. పరిశోధకులే ఇంకా తేల్చుకోలేని విషయం మీద మీ అబ్బాయి తొమ్మిది రోజుల్లో తీర్పు చెప్పేసుకున్నాడు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఆ గోడ మీది రాత. 2024లో నీట్ రాసింది 23 లక్షల మందికి పైనే, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష చిల్లర. అంటే కష్టపడి చదివినవాళ్లలోనూ చాలామందికి సీటు రాదు, వీడియోల్లో మనకు కనిపించేది వచ్చినవాళ్లే. డాక్టర్‌నే అనుకుని కూర్చున్నవాడికి ర్యాంకు రాకపోతే పోయేది ఒక పరీక్ష అనిపించదు, తనే పోయినట్టు ఉంటుంది. మెల్లగా ఆ రాతను తుడిపించండి, అరవకుండా.

ఇక చేయాల్సింది. హాస్టల్లో స్టడీ అవర్ రాత్రి 11కి ముగిస్తే 4కి లేచేవాడికి ఐదు గంటల నిద్ర కూడా ఉండదు, దానికి పట్టుదల ఏం చేస్తుంది? 6కి లేవనివ్వండి. మెస్‌లో టిఫిన్ అయ్యాక క్లాసు మొదలయ్యేలోపు నిన్నటి టెస్టులో తప్పుపోయిన పది బిట్లు మళ్లీ చేయమనండి. ఏ పని తర్వాత ఏది చేయాలో ముందే అనుకుంటే, రోజూ మనసుతో కుస్తీ పట్టే పని తగ్గుతుంది. ఈసారి వెళ్లినప్పుడు టెస్టు మార్కులు సబ్జెక్టు వారీగా చూడండి. ఫిజిక్స్‌లోనే పోతుంటే అది ఫిజిక్స్ సమస్య, గుణం సమస్య కాదు.

అగ్రికల్చర్, ఫిషరీస్ లాంటి కోర్సులకు రాసే ఏపీ ఈఏపీసెట్ కూడా రాయించండి. రెండో దారి పెట్టుకుంటే ఏకాగ్రత పోతుందని వీడియోలో చెప్పేవాళ్లు మీ అబ్బాయి మూడో ఏడు ఫీజు కట్టరు. ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ ఉంది, బైపీసీ వాళ్లకు నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ (చేపలు, రొయ్యల పెంపకం డిగ్రీ), జిల్లా అంతా రొయ్యల చెరువులే కాబట్టి ఆ చదువుతో ఏం పని దొరుకుతుందో మన దగ్గరే చూడొచ్చు. ఒక ఆదివారం ఏదైనా చెరువు దగ్గరికి తీసుకెళ్లి అక్కడ పనిచేసేవాళ్లతో మాట్లాడించండి, చేరమని మాత్రం అప్పుడే ఒత్తిడి పెట్టొద్దు.