చతికిలబడినాక

కడప,
మే నెల, కరెంటు పోయిన మధ్యాహ్నం.

అబ్బీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివినాను. ప్రొద్దుటూరు బస్టాండులో ఆ కాగితాలు నా చేతిలో పెట్టి, "ఇది కథ గాదు సార్, ఒక ఆట మీద రాసినా, మీరు చదువుతారో లేదో" అని నసిగినావే, ఆ నసుగుడు చూసే చదవాలనిపించింది. ధీమాగా చేతికిచ్చేవాళ్ళ రాతలు చదివి చదివి అలిసిపోయినాను. ఇంకో మాట, సార్ అనొద్దు. మీ నాయనా నేనూ ఒకే అంగట్లో అప్పు పెట్టి టీ తాగినోళ్ళం. మామా అను.

12 పేజీలూ స్మాష్ అనే వీడియో గేములో, మారియోకు శత్రువైన ఆ కొమ్ముల తాబేలు బౌజర్ వేసే బౌజర్ బాంబ్ అనే ఒక్క దెబ్బ గురించే రాసినావు. అది నాకు నచ్చింది. మా ఈడు వాళ్ళంతా ఒక్క పేజీలో మూడు తరాలు ఇరికించాలని చూస్తారు. వివరాల్లో కూడా తప్పుల్లేవు. సూపర్ స్మాష్ బ్రదర్స్ 1999లో నింటెండో 64 మీద 12 మందితో మొదలైందనీ, వాళ్ళల్లో బౌజర్ లేడనీ, 2001లో దాని రెండో భాగం 'మెలే'లో వచ్చి చేరినాడనీ, ఈ దెబ్బ కూడా వానితోనే వచ్చి 2018 నాటి 'అల్టిమేట్' దాకా అదే మీట మీద, కిందికి నొక్కి బీ కొట్టే చోటనే ఉండిపోయిందనీ రాసినావు. అన్నీ సరే. కానీ కడపటి పేజీ మూసినాక కూడా ఆ దెబ్బ నా కండ్లకు కనపడలేదు. "అత్యంత శక్తిమంతమైన భూతాడన ప్రత్యేక ఘాతం" అని రెండో పేజీలో ఉంది. అది చదివి నేను లేచిపోయి మంచినీళ్ళు తాగొచ్చినాను.

నా అదృష్టం బాగుండి మా తమ్ముని మనవడు డల్లాస్ నుంచి సెలవులకు వచ్చినాడు. పదకొండేండ్లోడు. వాని సంచిలో నింటెండో స్విచ్ ఉంది, చేతిలో పట్టుకొని ఆడే గేము పెట్టె. ఈ ఎండలో వాణ్ణి గడప దాటనిచ్చేవాళ్ళు లేరు, నన్నూ అంతే. ఇద్దరం హాల్లో కింద కూర్చున్నాం. మన కడప బండలు కదా, ఎంత ఎండలోనైనా కాస్త చల్లగానే ఉంటాయి. కరెంటు పోయినా స్విచ్ దాని బ్యాటరీ మీద అది ఆడతానే ఉంది, ఫ్యానొకటే ఆగింది.

వాడు నాకు బౌజర్‌ని ఇచ్చి తాను కిర్బీని తీసుకున్నాడు. నీకు చెప్పే పనిలేదు, గులాబీరంగు ఉండ. చూస్తానే నాకు జాలేసింది. ఆ జాలి రెండు నిమిషాలు కూడా నిలవలేదులే.

కిందికి నొక్కి బీ కొట్టమన్నాడు. కొట్టినాను. బౌజర్ అంత ఒళ్ళేసుకొని ఒక్క గంతు వేసినాడు, ఎదురుగా ఉన్న ఉండను కొమ్ములతో పైకి లేపినాడు, గాల్లో తిరిగి, పిర్రలు కిందికి పెట్టుకొని వచ్చి పడినాడు. నా చేతిలోని కంట్రోలర్ జిర్రుమని వణికింది. కిర్బీ పేరు పక్కన ఉండే పర్సెంటు ఒక్కసారిగా ఎగబాకింది. ఆ అంకె పెరిగేకొద్దీ తరవాతి దెబ్బకు ఇంకా దూరం ఎగిరిపోతారనీ, తెర దాటిపోతే ఒక స్టాక్, అంటే ఒక ప్రాణం, పోయినట్లనీ పిల్లోడు చెప్తానే ఉన్నాడు. నేను వినే స్థితిలో లేను. అరవై దాటిన మనిషిని, చప్పట్లు కొట్టినాను.

ఆ తరవాత ఇంకో మీట ముట్టలేదు. పిల్లోనికి తెలిసిపోయింది. నేను గంతు వేస్తానే రెండడుగులు పక్కకు జరిగి నిలబడేవాడు. దూరంగా పారిపోయింది లేదు, పక్కనే, ఊరికే నిలబడేవాడు. బౌజర్ వచ్చి వాని ముందర దబ్బున కూలబడేవాడు. కూలబడినాక లేవాల కదా. లేచేంతసేపు నేను ఏది నొక్కినా పలకదు. ఆ లోపల వాడు తీరిగ్గా మీట పట్టుకొని బలం కూడగట్టి, ఒక్కటి ఇచ్చేవాడు. "తాతా, అది పడినాక నువ్వేం చెయ్యలేవు" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. వాన పడుతుంది అన్నట్లు చెప్పినాడు.

ఒకసారి మటుకు వాడు జరగలేదు, షీల్డ్ పట్టినాడు, అంటే ఒంటి చుట్టూ దెబ్బ ఆపే బుడగ. అప్పటికే నా దెబ్బలకు ఆ బుడగ చిక్కిపోయి ఉంది. బౌజర్ దాని మీద పడేసరికి పగిలిపోయింది. కిర్బీ పైకెగిరి కిందపడి, తల తిరిగిపోయి, నిలబడి ఊగుతా ఉన్నాడు. ఇప్పుడు నా ఇష్టం, ఏమైనా చెయ్యొచ్చు. ఏం చేసినాననుకున్నావు? మళ్ళా అదే దెబ్బ వేసినాను, అదీ ఆత్రంలో నాలుగడుగులు పక్కకు. ఊగేవాడు ఊగుతానే ఉన్నాడు, నేను వాని పక్కన చతికిలబడినాను. ఇంకోసారి అంచు దాటిపోయి గాల్లో ఉన్నానని చూసుకోలేదు. కింద నేల లేదు. బౌజర్ ఆ గంభీరమైన మొహంతోనే, పిర్రలు ముందు పెట్టుకొని, నేరుగా పోతానే ఉన్నాడు. పిల్లోడు నవ్వి నవ్వి బండల మీద పొర్లినాడు.

ఇదంతా నీ వ్యాసంలో యాడుందని వెతికినాను. ఏడో పేజీలో ఒక పట్టిక గీసినావు, అందులో "ఎండ్‌ల్యాగ్: ఎక్కువ" అని రెండు మాటలు, దెబ్బ వేసినాక కదలలేని ఆ సేపుకు ఆటవాళ్ళు పెట్టిన పేరు. అంతే. అసలు సరుకంతా ఆ రెండు మాటల కింద దాచిపెట్టి, పేజీలకు పేజీలు బలం గురించి రాసినావు.

నీ మీద కోపం లేదు. నేనూ అదే చేసినాను. విలేకరిగా ఉన్న తొలి రోజుల్లో ఒక ఉగాదికి గుండెత్తే పోటీ చూసి రమ్మన్నారు. చావడి ముందర నున్నటి గుండ్రాయి. ఒకాయన దాన్ని మోకాళ్ళ మీదికి తీసుకున్నాడు, ఎదకు ఆనించుకున్నాడు, భుజం మీదికి ఎక్కించి వెనక్కు వదిలినాడు. నేల అదిరింది, ముందర కూర్చున్న పిల్లోళ్ళు లేచి వెనక్కు పరిగెత్తినారు. అందరూ రాయి పడిన గుంత చూస్తున్నారు. ఎందుకో నా చూపు ఆయన మీద నిలిచిపోయింది. రెండు చేతులూ ఊరికే వేలాడుతున్నాయి, వేళ్ళు ముడుచుకోవడం లేదు. పంచె జారిపోతోంది, దాన్ని పట్టుకునే సత్తువ లేదు. ఆ క్షణంలో ఒక చిన్నపిల్లోడు వేలితో నెట్టినా పడిపోయేవాడు. పక్కనున్న వాళ్ళమ్మ పోయి పంచె సరిచేసింది.

నేను రాసిందేమో రాయి బరువు, ఆయన పేరు, నేల అదిరిన సంగతి. పంచె ముక్క ఒక్కటి భయపడుతూ చివర పెట్టినాను. డెస్కులో ఒక పెద్దమనిషి దాన్ని కొట్టేసి, బరువు అంకె మాత్రం తప్పుగా అచ్చేసినాడు. పద్దెనిమిదేండ్ల తరవాత అదే పంచె నాకు కథైంది. కాబట్టి ఈ విషయంలో నువ్వు నాకంటే చాలా ముందున్నావు, ఇంకా ఇరవై కూడా నిండలేదు.

ఇప్పుడు మాటల సంగతి. "భూతాడన ఘాతం" కొట్టెయ్. షీల్డ్‌ని షీల్డ్ అనే రాయి, "రక్షణ కవచం" అంటే చదివేవాడు కురుక్షేత్రానికి పోతాడు. ఆటవాళ్ళు నోటితో అనే మాటలు ఉండనీ. కానీ దెబ్బ పడే చోటికి వచ్చేసరికి తెలుగులో నీ దగ్గర ఎంత సరుకుందో ఒకసారి చూసుకో. దబ్బున, దభీమని, దుబుక్కున, ధడేలుమని, ఇవన్నీ ఒకటి గావు. బియ్యం మూట దింపితే దబ్బుమంటుంది, తలుపు పడితే ధడేలుమంటుంది, బావిలో రాయి వేస్తే దుబుక్కుమంటుంది. బౌజర్ పడితే ఏది? చెవి పెట్టి విని రాయి. ఇక వాని పనికి మనకు అచ్చంగా ఒక క్రియ ఉంది, చతికిలబడటం. పిర్రల మీద కూలబడినా అదే మాట, ఎన్నికల్లో డిపాజిట్ పోయినా అదే మాట. ఒక దెబ్బ తగిలినప్పుడూ తప్పినప్పుడూ రెంటికీ సరిపోయే క్రియ భాష నీకు ఊరికే ఇస్తుంటే, సంస్కృతం అంగడికి పోయి అప్పు చేస్తావా?

నీకు తెలిసి కూడా వదిలేసినావో, తెలీకనే వదిలేసినావో గానీ ఒకటుంది. ఈ దెబ్బ స్మాష్‌లో పుట్టలేదు. 1988 నాటి సూపర్ మారియో బ్రదర్స్ 3 చివర్లో, కోటలో బౌజర్ మారియో మీదికి ఎగిరి పడతాడు. నేలంతా ఇటుకలు. పడినప్పుడల్లా వాని కింద ఇటుకలు పగులుతాయి. మారియో చెయ్యాల్సిందల్లా ఒకే చోటికి వాణ్ణి మళ్ళీ మళ్ళీ రప్పించి, చివరి ఘడియలో తప్పుకోవడం. కడాన తాను చేసుకున్న గుంతలోనే బౌజర్ పడిపోతాడు. తొంభైల్లో మా సందులో గంటకింత అని టీవీ గేమ్ ఆడించే అంగడి ఉండేది. అక్కడ ఒక పిల్లోడు ఈ చోటికి వచ్చి, మారియోని ఒక మూల నిలబెట్టి, చేతులు కట్టుకొని చూడటం నేను చూసినాను. వాడూ మా డల్లాసోడూ ఒకే రకంగా నిలబడినారు. మధ్యలో దాదాపు ముప్పై ఏండ్లు. నీ వ్యాసానికి వెన్నెముక అక్కడుంది. నువ్వేమో నేరుగా 2001లో మొదలుపెట్టినావు.

అదే ఆటలోని వేరే పాత్రల దెబ్బలు, యోషి బాంబ్, డాంకీ కాంగ్ అరచేతులతో నేలను చరిచేది, కిర్బీ రాయిగా మారి పడేది, ఈ మూడింటికీ తలా ఒక పేజీ ఇచ్చినావు. అంత అక్కర్లేదు. యోషి పడితే రెండు పక్కలా నక్షత్రాలు లేస్తాయి కాబట్టి పక్కన కాచుకున్నోనికీ కాస్త భయం ఉంటుంది, ఆ తేడా ఒక్కటి చెప్పి వదిలెయ్. కిర్బీ రాయి మటుకు ఉంచు. పిల్లోడు నా నెత్తిన రాయై పడినప్పుడు నేను ఆ రాయిని ఎడాపెడా కొట్టినాను, ఏమీ కాలేదు. "తాతా, రాయిని కొట్టగూడదు, పట్టుకోవాల" అన్నాడు. పట్టుకొని విసరొచ్చంట. దొర్లే గుండును చేత్తో పట్టినట్లు. ఇది నువ్వు "గ్రాబ్‌కు లొంగును" అని రాసినావు. లొంగును ఏందబ్బీ, ఇది శాసనమా?

ఫ్రేముల లెక్కలు తగ్గించు. తెర మీద సెకనుకు 60 బొమ్మలు, అవే ఫ్రేములని ఒకసారి చెప్తే మాలాంటోళ్ళకు అర్థమైతుంది. ఆ తరవాత ప్రతి అంకె దగ్గరా ఎవరో ఒకరు ఎదురుచూస్తూ కనబడాల, లేకుంటే ఆ అంకె నీ నోటుపుస్తకంలోనే ఉండనీ. ఈ ఆట తయారుచేసిన సకురాయ్, ఇవాటా ఖాళీ వేళల్లో 'డ్రాగన్ కింగ్' అని ఒక నమూనా చేసుకోవడం, అదే తరవాత స్మాష్ కావడం మంచి సంగతే, నాకు తెలీదు కూడా. కానీ నువ్వు దాన్ని మూడో పేజీలో పూజగదిలో పటంలాగ వేలాడదీసినావు. ప్రమాదం ఎంతో ఫలం అంత ఉండాలని సకురాయ్ తన యూట్యూబ్ ఛానల్లో చెప్పిన మాటను కూడా అక్కడే అతికించినావు. ఆయన మాట తీసేసినా, రెండడుగులు పక్కకు జరిగి నిలబడిన పిల్లోణ్ణి సరిగ్గా రాస్తే అదంతా వచ్చేస్తుంది.

తొమ్మిదో పేజీ చివర ఒక వాక్యం ఉంది. దాని కింద నేను పెన్సిల్‌తో రెండు గీతలు గీసినాను. "హాస్టల్లో సీనియర్ స్విచ్ మీద చివరి స్టాకులో ఇదే దెబ్బ వేసి ఓడిపోయినాను, అది తగలదని నాకు ముందే తెలుసు." అంతే రాసి, మళ్ళీ పట్టికలోకి పోయినావు. తెలిసి ఎందుకు నొక్కినావు? గదిలో ఎవరెవరున్నారు? బౌజర్ పైకి లేచి కిందికి వచ్చేలోపల నీ కడుపులో ఏమైంది? వాడు లేచేలోపల ఆ సీనియర్ నిన్ను చూసినాడా, తెరను చూసినాడా? వ్యాసం అక్కణ్ణుంచి మొదలుపెట్టు. ముందరి ఎనిమిది పేజీల్లో పనికొచ్చేవి వాటంతటవే వెనక్కు వచ్చి చేరతాయి, రానివాటికోసం ఏడవద్దు.

కాగితాలు ఈ ఉత్తరంతోనే పంపిస్తున్నాను. మార్జిన్లో నా రాత అర్థం కాకపోతే మీ నాయన్ని అడుగు, ఆయనకు అలవాటే. తిరగరాసింది పోస్టులో వెయ్యొద్దు, నువ్వే తీసుకొని రా. పిల్లోడు వచ్చే ఆదివారం దాకా ఉంటాడు. ప్రొద్దుటూరు నుంచి ఒకన్న వస్తున్నాడు, బాగా ఆడతాడంట అని చెప్పినాను. "ఎవరితో ఆడతాడు?" అన్నాడు. బౌజర్‌తో అన్నాను. ఏమీ అనలేదు, రెండో కంట్రోలర్‌కు ఛార్జింగ్ పెట్టినాడు.

మీ మామ