సినాప్సుని ‘నాడీ సంధి’ అంటే తప్పా?

సందేహం: మాస్టారూ, నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. బెర్నార్డ్ కాట్జ్ అనే సైంటిస్ట్ గురించి తెలుగులో ఒక వ్యాసం రాశా, టైటిల్ ‘మెదడులో నాడీ సంధుల రహస్యం ఛేదించిన నాడీ శాస్త్రజ్ఞుడు’. మా పెదనాన్నకి చూపిస్తే, ఈయన వైదీశ్వరన్ కోయిల్ దగ్గర తాటాకులు చూసి జాతకం చెప్పేవాళ్ళ తాలూకానా అని అడిగారు. ఒక నాడీకణం నుంచి ఇంకోదానికి కబురు అందే చోటు సినాప్సు, దాన్నే నేను నాడీ సంధి అన్నాను. నాడి, సంధి రెండు మాటలూ తప్పేనా? ‘నాడీ సంధుల వద్ద రసాయనిక సంకేతాలు క్వాంటాల రూపంలో విడుదల చేయబడతాయని కాట్జ్‌చే కనుగొనబడింది’ అన్న వాక్యం కూడా ఆయనకి ఎక్కలేదు. వ్యాసం జతచేశాను, చూసి పెట్టండి. ఇంకొకటి, కాట్జ్ కనిపెట్టాడు అనాలా, కనిపెట్టారు అనాలా?

సమాధానం: అమ్మా, ముందు మీ పెదనాన్నగారికి నా నమస్కారం చెప్పండి, ఆయన వెటకారంగా అన్నారో అమాయకంగా అన్నారో గానీ అడిగింది మాత్రం న్యాయం. నాడి అంటే మనకి మణికట్టు దగ్గర కొట్టుకునేది. నాడి చూశాడు, నాడి అందట్లేదు, జనం నాడి పట్టిన లీడరు, అన్నీ అదే నాడి. ఆ తర్వాత గుర్తొచ్చేది నాడీ జ్యోతిషం. పుస్తకాల్లో నాడీ మండలం, నాడీకణం అని స్థిరపడిపోయాయి నిజమే, స్కూలు గడప దాటని మాటలవి. నోట్లో ఉన్న మాట నరం. కాకపోతే దానితో ఇంకో చిక్కు, సూది గుచ్చబోతూ నర్సమ్మ ‘నరం దొరకట్లేదండీ’ అంటుంది, అది రక్తం నడిచే గొట్టం, మెడ పట్టేస్తే నరం పట్టేసింది అంటాం, అది చాలాసార్లు కండరం. అయినా ‘నరాల డాక్టర్’ అంటే ఎవరో జనానికి తెలుసు కదా, కాబట్టి తీగలాగా పొడుగ్గా పోయేదాన్ని చెప్పేటప్పుడు నరం అనండి, ఒక్క కణం గురించి చెప్పేటప్పుడు న్యూరాన్ అనండి. న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళొచ్చిన ఇల్లు లేని వీధి ఉందా ఇప్పుడు, న్యూరాన్ అంటే భయపడేవాళ్ళు ఎవరూ లేరు.

ఇక సంధి. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఏమనుకోకండి, నా వ్యాపారమే అది.

సంధి అంటే రాయబారం, సంధి అంటే కీలు, జ్వరం ముదిరితే సంధి మాటలు, ఇవన్నీ ఒక ఎత్తు. చదువుకున్నవాడికి మాత్రం వెంటనే తగిలేది వ్యాకరణం. రాముడు + అతడు = రాముడతడు. ఏమైంది ఇక్కడ? రెండు మాటలు వచ్చాయి, మధ్యలో ‘ఉ’ ఎగిరిపోయింది, రెండూ ఒకటే అయిపోయాయి. రామాలయం అన్నప్పుడు రామలో అకారం ఎక్కడ ఆగిందో ఆలయంలో ఆకారం ఎక్కడ మొదలైందో చెప్పలేం. మీరు సినాప్సుని సంధి అంటే చదివేవాడు ఇదే ఊహించుకుంటాడు, రెండు న్యూరాన్లు కలిసిపోయి ఒకటే తీగ అయినట్టు. అది సరిగ్గా తప్పు. తమాషా ఏంటంటే పెద్ద సైంటిస్టులే ఈ తప్పు పట్టుకుని వేలాడారు. ఇటలీలో గాల్గీ అనే ఆయన మెదడంతా ఒకటే అల్లిక, తెగని వల అనేవాడు. స్పెయిన్‌లో కహాల్ అనే ఆయన, కణాలు కనపడేలా గాల్గీ కనిపెట్టిన రంగునే వాడి, కాదు బాబూ ఏ కణానికి ఆ కణం విడి అన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే గాల్గీ ఆ బహుమతి ఉపన్యాసంలోనే కహాల్ వైపు సిద్ధాంతాన్ని ఎండగట్టాడు! మన భాషలో చెప్పాలంటే గాల్గీది సవర్ణదీర్ఘ సంధి పక్షం.

మరి కహాల్‌ది ఏ పక్షం అంటే, యడాగమం. సంధి జరగని చోట రెండు అచ్చులు ఎదురెదురు పడితే మధ్యలోకి య్ వస్తుందని బాలవ్యాకరణం సూత్రం. మా + అమ్మ = మాయమ్మ. మాలో ఆ అలాగే ఉంది, అమ్మలో అ అలాగే ఉంది, ఎవరూ పోలేదు, ఎవరిలో ఎవరూ కలవలేదు, మధ్యలో ఒక య్ వచ్చి గొంతుని ఇటునుంచి అటు దాటించింది. సినాప్సులో జరిగేది అచ్చంగా ఇదే. ఇటు న్యూరాన్ చివర, అటు ఇంకో న్యూరాన్, మధ్యలో ఖాళీ, ఇటునుంచి కాస్త రసాయనం ఊడిపడి అటు వెళ్ళి తగులుతుంది. పిల్లలకి క్లాసులో చెప్పి చూడండి, తెలుగు మాస్టారు కూడా సంతోషిస్తాడు.

ఇంతకీ సినాప్సు అనే మాట పుట్టుక కూడా మన సందేహాల శీర్షిక లాంటి కథే. 1897లో ఇంగ్లండులో ఫాస్టర్ అనే ఆయన ఫిజియాలజీ పాఠ్యపుస్తకం కొత్త కూర్పు వేస్తుంటే నరాల భాగం షెరింగ్టన్ అనే సైంటిస్టు రాశాడు. ఆ కలిసే చోటుకి పేరు కావాలి. ముందు ‘సిండెస్మ్’ అనుకున్నాడు, కట్టు అని అర్థం. ఫాస్టర్ వెళ్ళి కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో వెరాల్ అనే గ్రీకు పండితుడిని అడిగాడు, ఆయన యూరిపిడీస్ నాటకాల మనిషి, నరాలతో పనేముంది పాపం. ఆయన సినాప్స్ అనండి అన్నాడు, రెండు చేతులు పట్టుకున్నట్టు అని అర్థం వస్తుంది, పైగా విశేషణం చేసుకోడానికి బాగుంటుంది అని. అంటే సైంటిస్టు చూడని వస్తువుకి నాటకాల పండితుడు పేరు పెట్టాడు! అవును, అప్పటికి ఎవరూ దాన్ని చూడలేదు. మధ్యలో ఖాళీ ఉందని కళ్ళారా చూసింది 1950లలో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు వచ్చాక. మెదడులో ఆ ఖాళీ సుమారు 20 నానోమీటర్లు, మిల్లీమీటరుని యాభై వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క.

ఆ ఖాళీకి తెలుగులో మాట లేదంటారా, ఉంది, సందు. తలుపు సందు, పళ్ళ సందు, సందు దొరికితే దూరిపోయే మనిషి. చిత్రం ఏంటంటే ఈ సందు అనేది కూడా సంధే, సంస్కృతం మాట మన నోట్లో నలిగి సందు అయిందని నిఘంటువులు చూపిస్తాయి. అక్కడ అతుకు, ఇక్కడ ఖాళీ! అందుకని ‘నాడీకణ సంధి’ అన్న పుస్తకాల వాళ్ళని నేను తప్పుపట్టను, మాటలో రెండూ దాగున్నాయి, కానీ చదివేవాడికి సగమే వినపడుతుంది. నా సలహా: ఇటు చివర, అటు చివర, మధ్య ఖాళీ మొత్తం కలిపి సినాప్సు, ఆ ఖాళీ ఒక్కటీ సందు. సినాప్స్‌లు అని ఆపి ఆపి రాయకండి, బస్సు బస్సులు అయినట్టు సినాప్సు సినాప్సులు. సైనాప్సు అన్నా తప్పేం లేదు, బ్రిటిష్ వాళ్ళు అలాగే అంటారు.

ఇప్పుడు కాట్జ్ దగ్గరికొస్తే, అమ్మా, మీ టైటిల్లో భాష తప్పుకన్నా విషయం తప్పు పెద్దది. ఆయన పేరొచ్చిన పని మెదడులో చెయ్యలేదు. కప్ప కాలి కండరం మీద, తర్వాత్తర్వాత స్క్విడ్ నరాల మీద. కప్పలో ఆయన చూసింది నరం వెళ్ళి కండరాన్ని చేరే చోటు, ఒక పక్కన న్యూరానే లేదు, కాబట్టి ‘నాడీకణ సంధి’ అనడానికి కూడా పూర్తిగా కుదరదు. అక్కడ దొరికిన సూత్రమే మెదడు సినాప్సుల్లోనూ నడుస్తుందని తర్వాత తేలింది, అది వేరే సంగతి. ఇంకా, ‘లైప్‌జిగ్ నుంచి లండన్‌కి వలస వెళ్ళెను’ అని రాశారు. వలస అంటే మనకి పాలమూరు గుర్తొస్తుంది, పని కోసం పోవడం. ఈయన యూదుడు, 1911లో పుట్టాడు, లైప్‌జిగ్‌లోనే డాక్టరీ చదివాడు, హిట్లర్ వచ్చాక 1935లో దేశం విడిచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఏ.వి. హిల్ ల్యాబులో చేరాడు. ‘తప్పించుకుని వచ్చేశాడు’ అనండి. తర్వాత సిడ్నీ, అక్కడ ఎక్లెస్‌, కఫ్లర్‌ అనే సైంటిస్టులతో పని, యుద్ధంలో ఆస్ట్రేలియా వైమానిక దళంలో రాడార్ ఆఫీసరు, 1946లో మళ్ళీ లండన్. ఇవి మీరు బాగానే రాశారు, ‘వెళ్ళెను’ ‘చేరెను’ ఒక్కటి తీసెయ్యండి.

రెండో పేజీలో ‘విద్యుత్ శబ్దం’ అన్నారు. అక్కడ ఎవరికీ ఏమీ వినపడలేదు కదా! జరిగింది ఇది. కాట్జూ, ఫాట్ అనే ఆయన శిష్యుడూ కలిసి, మొన మైక్రాన్ కూడా లేని గాజు సూదిని కప్ప కండరంలో నరం చివర పక్కనే గుచ్చి తెర మీద గీత చూస్తున్నారు. నరాన్ని ముట్టుకోలేదు. గీత నిద్రపోతున్నట్టు ఉండాలి. మధ్యమధ్యలో చిటుక్కుమని చిన్న గుబ్బ లేస్తోంది, అర మిల్లీవోల్టు, మళ్ళీ లేస్తోంది. ఇంకొకరైతే వైరు లూజు అనుకుని వదిలేసేవాళ్ళు. సూదిని రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకి జరిపితే గుబ్బలు పోయాయి, వైరు తప్పైతే అక్కడ కూడా రావాలిగా. క్యురారే అనే బాణాల విషం వేస్తే అణిగిపోయాయి. అంటే నరం ఊరికే ఉన్నప్పుడు కూడా కండరానికి కబురు మోసే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని కొంచెం కొంచెం విదిలిస్తోంది అన్నమాట. వాళ్ళు 1950లో దాన్ని సరదాగా జీవుల ‘నాయిస్’ అన్నారు, తెలుగులో ‘చిల్లర కదలికలు’ అనండి, పోనీ రొద అనండి, శబ్దం వద్దు.

క్వాంటా సంగతి. క్వాంటం అనగానే చదివేవాడు ఫిజిక్సులోకి పోయి తిరిగిరాడు. 1954లో కాట్జ్, డెల్ కాస్టీయో అనే ఇంకో సైంటిస్టు కలిసి చూపించింది కిరాణా కొట్టు లెక్క. కండరం చుట్టూ ఉన్న నీళ్ళలో కాల్షియం తగ్గించి మెగ్నీషియం పెంచారు, ఇప్పుడు నరాన్ని తట్టితే ఒకోసారి ఏమీ రాదు, ఒకోసారి ఆ చిన్న గుబ్బ అంతే వస్తుంది, ఒకోసారి దానికి రెండింతలు, మూడింతలు. కొట్టువాడు పావుకిలో పొట్లాలు కట్టి పెట్టుకున్నాడు, పొట్లం విప్పి అమ్మడు, ఇస్తే ఒకటి, రెండు, మూడు, లేకపోతే లేదు. ఒక్కో పొట్లంలో వేల అణువులు, మామూలుగా నరం కొట్టినప్పుడు అక్కడ ఒక్కసారే వందకి పైగా పొట్లాలు పడతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మైక్రోస్కోపులో నరం చివర చిన్న చిన్న సంచులు కనపడ్డాయి, పొట్లం అంటే ఆ సంచే అని కుదిరింది. వాటిని మీరు బుడగలు అన్నారు, తిత్తులు అంటే మేలు, కొలిమి తిత్తి ఉంది, ఊపిరితిత్తి ఉంది, బుడగలో గాలి తప్ప ఏముంటుంది. పొట్లాలు పొట్లాలుగా, రెండేసి, మూడేసి అని చెప్పే సదుపాయం తెలుగులో పుట్టుకతో ఉంది, దాన్ని వదిలి ‘క్వాంటాల రూపంలో’ అనడం ఎందుకు చెప్పండి.

ఇక ‘విడుదల చేయబడతాయని కాట్జ్‌చే కనుగొనబడింది’. అన్నం తినబడింది అని ఎవరైనా అంటారా ఇంట్లో? ఒక్క వాక్యంలో రెండు ‘బడు’లు, మధ్యలో మనిషి కనపడట్లేదు. పైగా ఇది కళ్ళు గీతకి అతికించుకుని కూర్చుంటే దొరికిన విషయం, కనిపెట్టడం అన్న మాటలో కన్ను ఎలాగూ ఉంది, దాన్నే వాడండి. ఇలా రాయచ్చు: ‘నరం చివర ఈ రసాయనం ఎంత పడితే అంత కారదు, పొట్లాలు పొట్లాలుగా పడుతుంది, పడి సందు దాటి కబురు చేరుస్తుంది. ఆ లెక్క కనిపెట్టింది కాట్జ్.’ సంకేతం తీసి కబురు పెట్టాను చూడండి, సంకేతం అంటే ముందే అనుకున్న గుర్తు అనే వాసన వస్తుంది, సిగ్నల్ అన్నా నాకు అభ్యంతరం లేదు.

కనిపెట్టాడా కనిపెట్టారా అని చివర్లో అడిగారు, మీ ఇష్టం, కానీ వ్యాసం మొత్తం ఒకటే ఉంచండి. నోబెల్ (1970, ఆక్సెల్రాడ్, ఫాన్ ఆయిలర్‌లతో కలిపి) వచ్చిన పేరా నుంచి హఠాత్తుగా ‘ఆయన గారు’ అయిపోయాడు మీ దగ్గర!

టైటిల్ ‘కప్ప కండరంలో పొట్లాల లెక్క’ అని పెట్టి పెదనాన్నగారికి మళ్ళీ ఇవ్వండి. ఈసారి ఏ మాట దగ్గర ఆగారో నాకు రాయండి.