స్పామ్ ఆపే పనికి వెళ్తున్న మా బుజ్జికి

తార్నాక,
ఆదివారం ఉదయం

బుజ్జీ,

మీ నాన్న నిన్న రాత్రి పదిన్నరకి ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే ముందు గుండె దడదడలాడుతుంది నాకు. "అక్కా, అది మంచి ప్రాజెక్టు వదిలేసి చెత్త మెయిళ్ళు ఏరే టీములో చేరుతుందట. నువ్వైనా చెప్పు" అన్నాడు. సరేనని పెట్టేశాను గానీ నిద్ర పట్టలేదు. నువ్వు మాదాపూర్‌లో చేరబోయే ఆ పనే నేను బేగంపేటలో ఇరవై రెండేళ్ళు చేశాను. మన ఇంట్లో ఎవరూ ఆ పని గురించి ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. ఇన్నాళ్ళకి మన పిల్లే దాన్ని కోరి ఎంచుకుంది. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. టెన్షన్‌గానూ ఉంది.

తేలికవి ముందు చెప్పేస్తాను. మెయిల్ నిజంగా ఎవరు పంపారో తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పద్ధతులు బట్టీ పట్టకు. నిజమైన మెయిల్ ఒకటి తీసుకుని, దాని హెడర్లు, అంటే ఏయే సర్వర్ల మీదుగా వచ్చిందో చెప్పే లైన్లు, కింద నుంచి పైకి చదువుతూ కాగితం మీద దారి గీసుకో. సర్వర్ తను చేసిన పనులు రాసుకునే లాగ్స్ రోజూ పొద్దున్నే చూడు. శుక్రవారం సాయంత్రం ఏ ఫిల్టర్ రూలూ మార్చకు. రాత్రి షిఫ్ట్ ఉంటే కంపెనీ క్యాబ్‌లోనే ఇంటికి రా.

ఈ స్పామ్ జబ్బు మెయిల్ పుట్టుకలోనే ఉంది. 1982లో సర్వర్ నుంచి సర్వర్‌కి మెయిల్ పంపే ఎస్ఎంటీపీ పద్ధతి రాసినప్పుడు, వాడేవాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే. పోస్ట్‌కార్డు మీద పంపినవారి పేరు ఎవరిదైనా రాసేయొచ్చు చూడు, అలా తయారైంది అది. అప్పటికే, 1978లోనే, గ్యారీ టర్క్ అనే కంప్యూటర్ల సేల్స్ మనిషి, ఇంటర్నెట్‌కి ముందటి నెట్‌వర్క్ ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపి తిట్లు తిన్నాడు. ఆ పోస్ట్‌కార్డు కంత పూడ్చడానికే తర్వాత ఇన్నేళ్ళు పట్టింది. నా తరఫున ఫలానా సర్వర్లే పంపాలని డొమైన్ (మెయిల్ అడ్రసులో @ తర్వాత ఉండే పేరు) యజమాని రాసిపెట్టుకునేది ఎస్‌పీఎఫ్. ఉత్తరం మీద వేసే ముద్ర డీకిమ్. ఈ రెండూ తేడా వస్తే ఏం చేయాలో చెప్పేది డీమార్క్, అది 2012లో గానీ రాలేదు. రోజుకి ఐదు వేలకి పైగా మెయిళ్ళు పంపేవాళ్ళకి ఈ మూడూ ఉండి తీరాలని, ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యేలా ఉండాలని, ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదని గూగుల్, యాహూ పట్టుబట్టింది 2024 ఫిబ్రవరిలో. నేను రిటైరయ్యాక! ఆ వార్త చదివి వంటింట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

ఈ పనిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. బయట గొంతులు కోసుకునే కంపెనీల వాళ్ళు ఇక్కడ మాత్రం ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. 2004లో వాళ్ళంతా కలిసి మాగ్ అనే సంఘం పెట్టుకున్నారు, ఇప్పుడు దాన్ని ఎం3మాగ్ అంటున్నారు. 1998లో మొదలైన స్పామ్‌హౌస్ వాళ్ళు స్పామ్ పంపే ఐపీల, అంటే నెట్‌లో కంప్యూటర్ల నంబర్ల, చిట్టా తయారు చేసి పెడుతున్నారు. 2008 నవంబరు 12 ఉదయం నేను ఆఫీసుకి వెళ్ళేసరికి మెయిల్ క్యూ, అంటే సర్వర్లో వరసలో ఉండే మెయిళ్ళు, దాదాపు ఖాళీగా ఉంది. సర్వర్ పడిపోయిందనుకుని చెమటలు పట్టాయి. గంట తర్వాత తెలిసింది, కాలిఫోర్నియాలో స్పామర్లకి అడ్డాగా మారిన మెకోలో అనే హోస్టింగ్ కంపెనీకి నెట్ లైన్లు ఇచ్చేవాళ్ళు ఆ రాత్రే వాటిని కోసేశారని. ప్రపంచం మొత్తం మీద స్పామ్ సగానికి పైగా పడిపోయింది. కొన్ని నెలల్లో మళ్ళీ పెరిగిందనుకో. కానీ ఆ ఉదయం క్యూ చూసిన సంతోషం ఇప్పటికీ ఉంది.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు.

2003 ఫిబ్రవరి. మా చిన్న కంపెనీలో మెయిల్ సర్వర్ చూసేది నేనొక్కదాన్నే. లాటరీ తగిలిందనీ, నైజీరియాలో డబ్బుందనీ మెయిళ్ళు వరదలా వస్తున్నాయి. డయలప్ మీద ఉన్న కస్టమర్లకి ఆ చెత్త దిగడానికే అరగంట పట్టేది. తిట్లన్నీ నాకే. ఒక రాత్రి విసుగొచ్చి, సబ్జెక్టులో "కంగ్రాచ్యులేషన్స్" గానీ "అవార్డ్" గానీ ఉంటే పారేయమని మా మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో రూల్ రాశాను. రిజెక్ట్ అని రాయాల్సిన చోట డిస్కార్డ్ అని రాశాను. చెయ్యి జారి రాసింది కాదు, తెలిసే రాశాను. వెనక్కి కొడితే ఆ తిరుగుటపాలు, దొంగలు వాడుకున్న అమాయకుల అడ్రసులకి పోతాయని నా భయం. ఆ భయం సగమే నిజం. మెయిల్ లోపలికి తీసుకుని తర్వాత తిప్పి పంపితేనే ఆ ముప్పు ఎక్కువ. గుమ్మంలోనే 550 అని, అంటే తీసుకోనన్న కోడ్, చెప్పి కాదంటే, నిజంగా పంపిన మనిషికి వాళ్ళ సర్వరే "మీ ఉత్తరం చేరలేదు" అని చెబుతుంది. డిస్కార్డ్ అయితే "అందింది" అని పంపినవాళ్ళకి చెప్పి, మెయిల్‌ని చెత్తబుట్టలో వేస్తుంది. అంటే అబద్ధం చెబుతుంది. ఆ అబద్ధం నేను చెప్పించాను.

మరుసటి రోజు నుంచి ఫిర్యాదులు లేవు. మా ఓనరు మెచ్చుకున్నాడు కూడా.

మే నెలలో ఒక కుర్రాడు ఆఫీసుకి వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్. వాళ్ళ నాన్నది చిన్న బట్టల కొట్టు. అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేసి, మార్చి నుంచి రోజూ మెయిల్ చూసుకుంటున్నాడట. చివరికి ఎస్టీడీ బూత్ నుంచి ఐఎస్‌డీ చేస్తే ప్రొఫెసర్ చెప్పాడట, "మార్చిలోనే స్కాలర్‌షిప్ ఇస్తున్నామని రాశాం, ఏప్రిల్ 15 దాకా చూశాం, జవాబు లేకపోతే ఇంకొకరికి ఇచ్చేశాం" అని. నేను లాగ్ తీశాను. ఒక్క లైను. డిస్కార్డ్. సబ్జెక్టు: కంగ్రాచ్యులేషన్స్.

నిజమైన శుభవార్త కూడా "కంగ్రాచ్యులేషన్స్" అనే మొదలవుతుందని నాకు తట్టలేదు బుజ్జీ.

"సాంకేతిక లోపం అని చెప్పి పంపించెయ్" అన్నాడు ఓనరు. నేను ఆ అబ్బాయిని కింద ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. చాయ్ చల్లారిపోయింది, ముట్టుకోలేదు. అరవలేదు. "మేడమ్, రాలేదని కనీసం వాళ్ళకి తెలిసినా బాగుండేది" అన్నాడు. ఆ తర్వాత అతనేమయ్యాడో నాకు తెలియదు. కనుక్కునే ధైర్యం చేయలేకపోయాను. ఆ రాత్రే రూల్ తీసేసి, లాగ్‌లో మిగతా డిస్కార్డ్ లైన్లన్నీ తెల్లవారేదాకా చదివాను. అడ్రసులు, సబ్జెక్టు తప్ప ఉత్తరాల్లో ఏమీ మిగల్లేదు. వాటిలో నిజమైనవి ఇంకెన్ని ఉన్నాయో తేల్చే దారి లేదు.

అందుకే నువ్వు ఏ ఫిల్టర్ రాసినా అనుమానం ఉంటే స్పామ్ ఫోల్డర్లో వెయ్యి. కాదనాలంటే గుమ్మంలో కారణం చెప్పి కాదను. కొత్త రూల్‌ని వారం పాటు లాగ్‌లో మాత్రమే నడిపి చూడు. మింగేసి ఊరుకునే రూల్ రాయమని ఎంత పెద్దవాళ్ళు చెప్పినా రాయకు. ఇది నా పాత పిరికితనం అనుకోవద్దు. 2021 మార్చి 8న ఎస్ఎంఎస్‌లకి ఏం జరిగిందో గుర్తుందా? డీఎల్‌టీ అనే టెలికాం రిజిస్టర్లో కంపెనీలు ముందే నమోదు చేసిన టెంప్లేట్‌తో సరిపోలని మెసేజ్‌లు ఆపడం మొదలవగానే బ్యాంకుల ఓటీపీలు కూడా ఆగిపోయాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ తనిఖీని వారం పాటు పక్కన పెట్టాల్సి వచ్చింది. నేను ఆ రోజు మందుల ఆర్డర్ పెట్టి, రాని ఓటీపీ కోసం కూర్చున్నాను. నాకు ఆ అబ్బాయే గుర్తొచ్చాడు.

నీకు తొందరెక్కువ, అదే నా బెంగ. ఇంటర్ సెలవుల్లో అల్మారా సర్దమంటే, అడక్కుండా మీ నానమ్మ ఉత్తరాల కట్ట పాత పేపర్లవాడికి వేసేశావు. ఆ రోజు నిన్ను చాలా తిట్టాను. నువ్వు ఏడుస్తూనే మండుటెండలో వాడి బండి వెతుక్కుంటూ మలక్‌పేట దాకా నడిచి, సగం కట్ట వెనక్కి తెచ్చావు. ఆ ఉత్తరాలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. నువ్వు ఈ పనికి పనికొస్తావని నాకు నమ్మకం కుదిరింది అందుకే.

నిన్ను వాట్సాప్ లాంటి మెసేజింగ్ వైపు వేస్తే ఇంకో భయం నాకు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వాట్సాప్ పుకార్లతో మన చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. దేశంలో ఇలాంటివి వరసగా జరిగాక, జూలైలో ఫార్వర్డ్‌ని ఐదు చాట్లకి కట్టడి చేశారు. అక్కడ ఎన్‌క్రిప్షన్ వల్ల మెసేజ్ లోపల ఏముందో మీకు కనబడదు, ఫిర్యాదు చేసినవాళ్ళు చూపిస్తేనే తెలుస్తుంది. కాబట్టి ఫిర్యాదుని అంకెలా చూడకు. అర్ధరాత్రి భయపడుతూ ఆ బటన్ నొక్కిన ఆడపిల్ల ఉంటుంది దాని వెనక. అలాంటి బెదిరింపులు రోజంతా చదివి ఇంటికొచ్చి ఏమీ జరగనట్టు అన్నం తినకు. నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. సైబర్ మోసాల ఫిర్యాదుకి ఉన్న 1930 నంబరు మీ నాన్నకి ఫోన్‌లో సేవ్ చేసి పెట్టు. డిజిటల్ అరెస్ట్ అని ఎవడైనా బెదిరిస్తే కంగారుపడే రకం వాడు.

మొదటి రోజు ఒక పని చెయ్యి. మీ కంపెనీ డొమైన్‌కి మెయిల్ ఇబ్బందులు చెప్పుకునే పోస్ట్‌మాస్టర్ అడ్రసు, స్పామ్ ఫిర్యాదులు పంపే అబ్యూజ్ అడ్రసు ఉంటాయి కదా. బయటి నుంచి మామూలు మనిషిలా రెండింటికీ రెండు లైన్లు రాసి పంపు. ఎన్ని రోజులకి జవాబొస్తుందో, అసలు వస్తుందో రాదో చూసి నాకు చెప్పు.

మీ అత్తయ్య