630 మీటర్ల హ్యామ్ రేడియో బ్యాండ్‌లో లోడింగ్ కాయిల్ (పొట్టి యాంటెన్నాకి సిరీస్‌లో పెట్టే కాయిల్) సెట్ చేయడం ఎలా?

వేవ్‌లెంగ్త్‌తో పోలిస్తే మన యాంటెన్నా మరీ పొట్టి కాబట్టి అది కెపాసిటర్‌లా కనిపిస్తుంది, మీటరు వైరుకి సుమారు 6 పికోఫారడ్లు వేసుకుంటే 50 మీటర్లకి 300, ఆ కెపాసిటెన్స్‌ని ఈ బ్యాండ్‌లో, అంటే 475 కిలోహెర్ట్జ్ దగ్గర క్యాన్సిల్ చేయాలంటే దాదాపు 375 మైక్రోహెన్రీల కాయిల్ కావాలి, అదే ఇంకా కిందున్న 137 కిలోహెర్ట్జ్ దగ్గరైతే ఏకంగా 4.5 మిల్లీహెన్రీలు. ముందు యాంటెన్నా ఎనలైజర్ పెట్టి, కాయిల్ ట్యాపులు (చుట్ల మధ్యలో తీసిన కనెక్షన్లు) మారుస్తూ రెజొనెన్స్‌కి, అంటే ఆ కెపాసిటెన్స్ క్యాన్సిల్ అయ్యే చోటికి, దగ్గరగా తెచ్చుకోండి. ఆ తర్వాత ఫైన్ ట్యూనింగ్‌కి వేరియోమీటరే దిక్కు, అంటే పెద్ద కాయిల్ లోపల దానికి సిరీస్‌లో ఉన్న చిన్న కాయిల్‌ని తిప్పడం. ఇది లేకుండా నెట్టుకురావడం కష్టమండీ, వాన పడి పక్క చెట్టు తడిసినా రెజొనెన్స్ పక్కకి జరిగిపోద్ది. తిప్పడానికి ప్లాస్టిక్ రాడ్ వాడండి, 100 వాట్లకే కాయిల్ పైకొనలో వెయ్యి వోల్టులు దాటేయొచ్చు.