కలర్ సార్టర్‌ను బయటి మెకానిక్‌తో బాగు చేయించవచ్చా?

వారంటీ అయిపోయిన కలర్ సార్టర్‌లో (కెమెరాతో రంగు చూసి చెడ్డ బియ్యపు గింజల్ని వేరుచేసే మెషిన్) ఒక చూట్, అంటే గింజలు జారే దారి, ఆగిపోయింది, కంపెనీ ఇంజనీరు రావడానికి వారం అంటున్నారు, బయటివాళ్లతో చేయించవచ్చా, చట్టం ఏమైనా ఆదుకుంటుందా అని అడిగారు. చేయించవచ్చు, కానీ సగం వరకే. మిగతా సగానికి తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది.

నేను మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఎలక్ట్రీషియన్‌ని. ఒక యాసంగిలో, సీఎంఆర్ (ప్రభుత్వ ధాన్యం మరపట్టి బియ్యం తిరిగివ్వడం) గడువు నెత్తి మీద ఉన్నప్పుడు, మా సేటు మిల్లులో నల్లగింజ మంచి బియ్యంలో కలిసి రావడం మొదలైంది. కెమెరా పోయిందని అందరం టెన్షన్ పడ్డాం. విప్పి చూస్తే కంప్రెసర్ గాలిలో నీళ్లు, నూనె! ఎయిర్ డ్రయర్ చెడిపోయి నెలైందట, ఒక్కరూ చెప్పలేదు. చెడ్డ గింజను గాలితో కొట్టి పక్కకు తోసే ఎజెక్టర్లు జిగురు పట్టి తెరుచుకోవట్లేదు. వాటిని కడిగి, పాడైనవి మార్చి, ఫిల్టర్ కొత్తది వేశాం. కంపెనీతో పని పడలేదు. పవర్ సప్లైలో కెపాసిటర్లు ఉబ్బినా అంతే, ఊళ్లో టీవీలు బాగుచేసేవాళ్లు మార్చేస్తారు.

గొడవంతా మరుసటి ఏడు వచ్చింది. ఎజెక్టర్లను నడిపే బోర్డు కాలింది. హైదరాబాద్‌లో అదే మోడల్ పాత మెషిన్ బోర్డు దొరికింది, ప్లగ్గులు చక్కగా కూర్చున్నాయి. మెషిన్ మాత్రం దాన్ని ఒప్పుకోలేదు, సీరియల్ నంబర్ కలవట్లేదట. ఆ నంబర్ ఎక్కించే మెనూకు పాస్‌వర్డ్ కావాలి. ఫోన్ చేస్తే ఇంజనీరే రావాలన్నారు. ఆరో రోజు వచ్చి, ల్యాప్‌టాప్ తగిలించి పది నిమిషాల్లో ముగించాడు. పాపం ఆయన మీద కోపం లేదు. పాస్‌వర్డ్ తమకు కూడా కంపెనీ ఏ రోజుకారోజే పంపుతుందని చాయ్ తాగుతూ తనే చెప్పాడు.

ఇక చట్టం సంగతి. 2022 డిసెంబర్ 24న కేంద్రం తెచ్చిన రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ వ్యవసాయ పరికరాలు, ఫోన్లు-ఎలక్ట్రానిక్స్, ఇంటి ఉపకరణాలు, వాహనాల కోసం. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం వ్యాపారానికి కొన్నవాళ్లు వినియోగదారులే కారు, కాబట్టి మిల్లు సేటు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి లాభం లేదు. బతుకుదెరువుకు సొంతంగా నడుపుకునే చిన్న పిండిగిర్నీ అయితే వేరే మాట. విడిభాగాలు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి గ్యారేజీలకు అందనివ్వట్లేదని కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే కేంద్ర సంస్థ) 2014లో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీలుకు పోయాయి. ఆ దారిలో పోవాలంటే మిల్లర్ల అసోసియేషన్ కదలాలి, ఒక్క మిల్లుతో అయ్యేది కాదు.

తర్వాతి మెషిన్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందే సర్వీస్ పాస్‌వర్డ్, బోర్డుల ధరలు ఆర్డర్‌లో రాయించుకోండి. డబ్బు చేతికందాక ఎవరూ రాసివ్వరు.

ప్రస్తుతానికి ఆగిన చూట్ దగ్గర చెవి పెట్టి వినండి. ఎజెక్టర్ల టకటక వినిపిస్తూ గింజ పక్కకు పడకపోతే ముందు గాలి ప్రెషర్, ఫిల్టర్ చూడండి. చప్పుడే లేకపోతే ఆ చూట్‌కు పవర్ అందుతుందా అని మీటర్ పెట్టించండి. అందుతుంటే అనుమానం బోర్డు మీదే, ఇంజనీరును ఇవాళే బుక్ చేసేయండి.