శనగ దుక్కి రోజుల్లో ట్రాక్టర్ మాటిమాటికీ ఆగిపోతుంటే ఏం చేయాలి?

పాత ట్రాక్టర్ కొన్నాక ఇదే మొదటి రబీ అన్నారు. మొన్న కల్టివేటర్ పన్ను విరిగిందని, నిన్న ఇంజను నడి చేలో ఆగి మళ్లీ అందుకోలేదని, నేలలో పదును (దుక్కికి తగిన తడి) పోతోందని, బాడుగ ట్రాక్టర్ పిలవాలా అని అడిగారు. మీ టెన్షన్ నాకు తెలుసు. మాది నంద్యాల జిల్లా, కోయిలకుంట్ల వైపు. నల్లరేగడి నేల, కొర్ర కోసిన చేలో శనగ వేస్తాం. ఆరేళ్ల కిందట కార్తీకంలో నాకూ ఇదే జరిగింది, ఒక్క నెలలో మూడుసార్లు.

ముందు చేలోకి దిగి మట్టి చూడండి. నాలుగైదు అంగుళాల లోతు నుంచి పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి, నడుము ఎత్తు నుంచి వదలండి. పొడిపొడిగా పగిలితే పదును సరిగ్గా ఉన్నట్టు. ముద్ద ముద్దలాగే ఉంటే ఇంకో రెండు రోజులు ఆగాలి. అసలు ముద్దే కట్టకపోతే పదును దాటిపోతోంది. తడి ఎక్కువున్న రేగడిని దున్నితే మట్టి నున్నటి పలకలుగా లేస్తుంది, ఎండాక ఆ పలకలే రాళ్లలా అవుతాయి. వెనక చక్రాలు జారి ఉన్నచోటే తిరుగుతాయి, డీజిల్ ఖర్చవుతుంది, క్లచ్ మీద భారం పడుతుంది. ఆరిపోయిన చేలో అయితే మొదటి సాలుకే పూర్తి లోతు దించితే పళ్లు తట్టుకోలేవు.

మా తొమ్మిది పళ్ల కల్టివేటర్లో రెండు అలాగే పోయాయి. అక్టోబరు చివర్లో వాన పడింది, తర్వాత పది రోజులు ఎండ కాసింది. పైపొర గట్టిపడింది. పదును పోతుందన్న భయంతో నేను లివర్ కిందికంటా దించి తోలాను. గట్టు పక్కన పాత తుమ్మ మొద్దు వేరు తగిలి ఒకటి, ఆ తర్వాత ఎకరం కూడా దున్నకముందే ఇంకొకటి విరిగాయి. రెండోదానికి వేరూ లేదు, రాయీ లేదు. బోల్టు వదులై పన్ను పక్కకు తిరిగి, ఆ వంకరలోనే లాగి లాగి విరిగింది. అప్పటినుంచి పొద్దున్నే స్పానర్ పట్టుకుని ప్రతి బోల్టూ ఒకసారి తిప్పి చూస్తాను. మొదటి దుక్కి పైపైన మూడు అంగుళాలే వేస్తాను, ఇరువాలు, అంటే రెండోసారి అడ్డంగా దున్నేటప్పుడు మిగతా లోతు దించుతాను. మీది స్ప్రింగుల కల్టివేటర్ అయితే కొంత నయం, వేరు తగిలితే పన్ను వెనక్కి లేస్తుంది. గట్టి పళ్లదైతే గట్ల వెంట, చెట్ల దగ్గర గేరు తగ్గించండి.

ఇక ఇంజను సంగతి. నడి చేలో దగ్గి దగ్గి ఆగి, సెల్ఫ్ కొడితే తిరుగుతూనే ఉన్నా అందుకోకపోతే చాలాసార్లు అది డీజిల్ లైన్లో గాలి చేరటమే. ట్యాంకులో డీజిల్ అడుగంటినప్పుడు, పైపు వాషర్లు పాతబడినప్పుడు, ఫిల్టర్ మూసుకుపోయినప్పుడు ఇలా అవుతుంది. నాకు ఆ రోజు ఇది తెలియదు. పొద్దున పది గంటలకు ఆగితే సాయంత్రం దాకా మెకానిక్ కోసం చెట్టు కింద కూర్చున్నాను. ఆయన వచ్చి పది నిమిషాల్లో స్టార్ట్ చేశారు. ఎలాగో దగ్గరుండి చూసి నేర్చుకున్నాను, మీరూ నేర్చుకోండి. ట్యాంకు నింపాలి. ఫిల్టర్ పైన ఉండే గాలి తీసే స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు దగ్గరుండే చేతి ప్రైమర్ కొడుతూ ఉండాలి. మొదట నురగతో కూడిన డీజిల్ వస్తుంది. బుడగల్లేకుండా ధారగా వచ్చాక కొడుతూనే స్క్రూ బిగించాలి. ఇంజెక్షన్ పంపు మీద కూడా అలాంటి స్క్రూ ఉంటే అక్కడా ఇదే పని. అప్పటికీ అందుకోకపోతే ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు వెళ్లే పైపుల నట్లు కొంచెం వదులు చేసి సెల్ఫ్ కొట్టాలి, డీజిల్ రాగానే బిగించాలి. ఆ సమయంలో అక్కడ చెయ్యి అడ్డం పెట్టొద్దు. సెల్ఫ్ ఏకధాటిగా కొట్టకండి, మధ్యలో ఆపుతూ కొట్టండి. చలి పొద్దుల్లో బ్యాటరీ అసలే నీరసంగా ఉంటుంది.

చలికాలం రాత్రుల్లో సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోపల చెమ్మ పడుతుంది. అందుకే మేం సాయంత్రం పని దిగగానే ట్యాంకు నింపేస్తాం. డ్రమ్ములో నిల్వ ఉన్న డీజిల్ పోస్తుంటే గుడ్డతో వడగట్టండి, అడుగున ఉన్నది మాత్రం పోయకండి. ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటే పొద్దున ఒకసారి తీసి చూడండి.

అన్నిటికంటే నన్ను దెబ్బకొట్టింది రోటవేటర్. పెడ్డలు మెత్తగా చేద్దామని తగిలించాను. ట్రాక్టర్ వెనక తిరుగుతూ ఇంజను బలాన్ని రోటవేటర్‌కు అందించే పీటీఓ షాఫ్ట్‌కు ఉండే షియర్ బోల్టు ఒకే పూటలో రెండుసార్లు తెగింది. డ్రైవరు విసుగెత్తి గట్టి రకం బోల్టు వేశాడు, నేను సరేనన్నాను. మర్నాడు బోల్టు తెగలేదు, గేర్‌బాక్స్‌లో పళ్లు విరిగాయి. ఆరు రోజులు పని ఆగింది. షియర్ బోల్టు తెగటానికే ఉంది. లోపల ఏదో చుట్టుకుంటేనో, లోతు ఎక్కువైతేనో, నేల తడిగా ఉంటేనో అది తెగి గేర్లను కాపాడుతుంది. రెండుసార్లు తెగిందంటే కారణం వెతకాలి, కంపెనీ చెప్పిన బోల్టే మళ్లీ వేయాలి. నన్నడిగితే శనగకు రోటవేటరే వద్దు. శనగకు మెత్తటి దుక్కి అక్కర్లేదు, చిన్న చిన్న పెడ్డలున్నా బాగానే మొలుస్తుంది. మట్టిని పిండి చేస్తే ఉన్న పదును ఆరిపోతుంది కూడా. నేను మానేశాక దుక్కి రోజుల్లో మెకానిక్‌ని పిలవాల్సిన అవసరం బాగా తగ్గింది.

ఒకవేళ వాడాల్సి వస్తే ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. పైరు కోశాక మిగిలిన కొయ్యకాళ్లు చుట్టుకున్నాయనో, శబ్దం వస్తోందనో ఇంజను ఆపకుండా దగ్గరికి వెళ్లొద్దు. తువ్వాలు, లుంగీ, వదులు చొక్కా ఏది చిక్కినా మనిషిని లాగేసుకుంటుంది. మా ఊళ్లో ఒకాయన తువ్వాలుతో పాటు చెయ్యి పోగొట్టుకున్నాడు. లిఫ్ట్ మీద లేపి ఉన్న కల్టివేటర్ కిందికి దూరి పన్ను మార్చటం కూడా అంతే ప్రమాదం. హైడ్రాలిక్ ఒక్కసారి దిగితే తప్పించుకునే సమయం ఉండదు. కింద గట్టి దుంగలు పెట్టాకే కూర్చోండి.

బాడుగ ట్రాక్టర్ విషయం. బాగు కావటానికి ఒక్క రోజు కంటే ఎక్కువ పడుతుందని మెకానిక్ చెబితే ఆలోచించకుండా పిలిచేయండి. మా వైపు శనగ అక్టోబరు నుంచి నవంబరు సగం లోపు పడాలి. ఆలస్యమైతే కాయ గింజ కట్టే సమయానికి నేలలో తడి ఉండదు, ఎండలు ముదురుతాయి. ఎకరానికి కట్టే బాడుగ కంటే ఆ నష్టం పెద్దది. నా గేర్‌బాక్స్ షెడ్డులో ఉన్న ఆరు రోజుల్లో మా చిన్నాయన తన ట్రాక్టర్ రాత్రిపూట ఇచ్చాడు. రెండు రాత్రులు లైట్ల వెలుగులో దున్ని విత్తాం. నాది బాగయ్యాక ఆయన మూడెకరాలు నేను దున్నిపెట్టాను. మీకూ అలా బదులుకు ఇచ్చేవాళ్లుంటే మొహమాటపడకుండా అడగండి, ఈ రోజుల్లో అందరికీ అందరి అవసరమూ పడుతుంది.

వచ్చే ఏడాదికి సీటు కింద పెట్టెలో కొన్ని సామాన్లు పెట్టుకోండి. నాలుగు షియర్ బోల్టులు, పిన్నులు, కల్టివేటర్ బోల్టులు నట్లతో సహా, రెండు కర్రులు, ఒక డీజిల్ ఫిల్టర్, రాగి వాషర్లు, ఫ్యాన్ బెల్టు, గ్రీజు గన్. కొర్ర పొట్టు రేడియేటర్ జాలీకి పట్టేస్తుంది కాబట్టి ఒక బ్రష్ కూడా. అది మూసుకుపోతే చలిలో కూడా ఇంజను వేడెక్కుతుంది.

మీ ఇంజను దగ్గుతూ ఆగిందా, లేక ఒక్కసారిగా బిగుసుకున్నట్టు ఆగిందా? సెల్ఫ్ కొడితే తిరుగుతోందా? దగ్గి ఆగి ఉంటే పైన చెప్పినట్టు గాలి తీసి చూడండి. ఒక్కసారిగా బిగుసుకుని ఉంటే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి, ముందు ఇంజను ఆయిల్, రేడియేటర్ నీళ్లు చూసి ఇక్కడ రాయండి. రాత్రి పని నుంచి వచ్చాక తప్పకుండా చూస్తాను.